అరియలూరు బయల్దేరే ముందు

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

సెలవుల్లో పాపను శిలాజాలు ఏరడానికి ఎక్కడికి తీసుకెళ్ళమంటావని అడిగావు. చెన్నై నుంచైతే అరియలూరు వైపే వెళ్ళండి. ఎగ్మోర్‌లో తిరుచ్చి రైలెక్కితే విళుప్పురం, వృద్ధాచలం దాటాక వస్తుంది. సుమారు 10 కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం ఉండేది. దాని అడుగు ఇప్పుడు పొలాల పక్కన, వాగుల గట్లలో తేలి ఉంది.

ముందు ఒక పూట ఎగ్మోర్ మ్యూజియంకి వెళ్ళండి. శుక్రవారం సెలవు. అక్కడి శిలాజాల బొమ్మలు పాప చేత గీయించు. చేత్తో గీసిన ఆకారాన్ని కన్ను మర్చిపోదు. మన పూజగదిలో సాలగ్రామం మీది చక్రం కూడా అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్ల గుర్తేనని చెప్పు, సంతోషిస్తుంది.

ఇక అసలు చోటు పెరంబలూరు జిల్లాలోని కారై. వానలు కోసేసిన మట్టి దిబ్బలు అవి. పైన తిరగకుండా కాలవల అడుగున వెతకండి, నీళ్లు కడిగి తెచ్చి పోసేది అక్కడే. ఆరింటికల్లా చేరుకోండి. ఎండ దెబ్బ ఒక్కటే కారణం కాదు, ఏటవాలు వెలుగులో రాతి మీది గీతలకు నీడ పడుతుంది, పది దాటితే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అనుమానమున్న రాయి మీద కాసిని నీళ్లు పోసి చూడు. గోధుమ రంగులో, చిటికెన వేలంత, తూటాలా ఉంటే బెలెమ్నైట్, అంటే స్క్విడ్ లాంటి ఒకప్పటి సముద్రజీవి ఒంట్లోని గట్టి భాగం. తళతళలాడే పలకలు మాత్రం జిప్సం, శిలాజం కాదు.

ఊరివాళ్లను అడక్కుండా ఏదీ తీయొద్దు. వద్దంటే ఫోటోతో సరిపెట్టుకోండి. సిమెంటు గనుల్లోకి అనుమతి లేకుండా అసలు దిగొద్దు, అంచులు విరిగిపడతాయి. సాత్తనూరులో 18 మీటర్ల రాతి మాను, దారిలో తిరువక్కరైలో రాయైపోయిన చెట్లు తప్పక చూడండి, కానీ అవి జాతీయ భూగర్భ స్మారకాలు, చిన్న పెంకు కూడా తేకూడదు. తిరువక్కరైలో వక్రకాళి గుడి ఉంది, అక్కయ్య కూడా వస్తానంటుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. మొదటిసారి వెళ్ళినప్పుడు సంచి నిండా రాళ్లు తెచ్చాను. ఏది ఏ వాగులో దొరికిందో రాసుకోలేదు. ఇంటికొచ్చి నేల మీద పరిచాక ఒక్కదాని గురించీ ఏమీ చెప్పలేకపోయాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది. దొరికిన చోటు తెలియకపోతే శిలాజం ఉత్త రాయే. అందుకే తీసిన క్షణంలోనే చీటీ మీద ఊరు, వాగు, తేదీ రాసి, రాయితో పాటు పాత పంచె ముక్కలో చుట్టేయండి. రెండు మూడు చాలు.

నా భూతద్దం పాపకిస్తాను. ఆదివారం తనను తీసుకుని రా.

మీ మావయ్య