ఫిన్లాండ్‌లో బయట తినడానికి ఏ మాటలు వస్తే సరిపోతుంది?

ఫిన్నిష్‌లో ‘దయచేసి’కి విడిగా మాట లేదు. ఆ మర్యాదంతా క్రియలోనే ఉంటుంది. ‘సైసింకో కహ్విన్’ అంటే ‘కాఫీ ఇస్తారా’ అని. ముందు ఈ ‘సైసింకో’ నోటికి పట్టించండి. దాని తర్వాత ఏకవచనంలో వస్తువు పేరుకు చివర ‘న్’ చేరుతుంది: పుల్ల (తీపి బన్ను) పుల్లన్ అవుతుంది, లస్కు (బిల్లు) లస్కున్ అవుతుంది. నీళ్లకు మాత్రం ‘వెత్త్యా’, ఇక్కడ ‘న్’ రాదు. రెండు కాఫీలైతే ‘కక్సి కహ్వియ’. ‘న్’ మరిచిపోయినా కాఫీ వస్తుంది, కంగారు పడకండి.

కౌంటర్లో వాళ్లు గబగబా అడిగేది ‘త్యాహ్యాన్ వయ్ ముకాన్?’ ఇక్కడే తింటారా, పట్టుకెళ్తారా అని. పార్సిల్ అయితే ‘ముకాన్, కీతోస్’ చాలు. కీతోస్ అంటే థాంక్స్. ఇందులో ఉన్నది మన ‘త’యే, ‘ట’ కాదు. దీర్ఘాలు, ఒత్తులు మనకు అలవాటే కాబట్టి తెలుగువాళ్లకు ఇది కొంత సులువు: తులి అంటే నిప్పు, తూలి అంటే గాలి, తుల్లి అంటే కస్టమ్స్. ‘త్యాహ్యాన్’లో ‘త్యా’ను మాత్రం బ్యాంకులోని ‘బ్యా’లా, కానీ పొట్టిగా పలకాలి.

శాకాహారులు అడగాల్సింది ‘ఓంకో త్యాస్స్యా లిహా?’ (ఇందులో మాంసం ఉందా?). కన అంటే కోడి, కల అంటే చేప. మెనూలో ‘ఎల్’ అక్షరం చూసి పాలు లేవనుకోవద్దు, అది లాక్టోజ్ (పాలలోని చక్కెర) లేదని చెప్పడానికే. పాలే లేనిదానికి ‘ఎం’ ఉంటుంది.