రెండు కళ్లూ ఒకే పక్కనున్న చేప: రోగం లేదు గానీ ఫిల్టర్ సంచి చూసుకోండి

ప్రశ్న: మాది తాళ్లరేవు మండలం. రెండెకరాల చెరువులో వనామీ రొయ్య వేశాం. పోయిన వారం పట్టుబడి అయ్యాక నీళ్లు తోడేస్తుంటే అడుగు బురదలో ఇరవై, పాతిక దాకా బల్లపరుపు చేపలు దొరికాయి. జానెడు పొడుగు, ఆకులా పల్చగా ఉన్నాయి. రెండు కళ్లూ ఒకే పక్కన ఉన్నాయి, రెండో పక్క తెల్లగా ఉంది, మూతి వంకర. ఫొటో పంపుతున్నాను. మందుల నీళ్లకి ఇలా అయిపోయాయి, తినొద్దని కూలీలు అన్నారు. మా అమ్మ మాత్రం ఇది నాలుక చేపరా, మా పుట్టింట్లో వేపుడు చేసేవాళ్లం అంటోంది. ఇవి చెరువులోకి ఎలా వచ్చాయి? రొయ్యల్ని తినేశాయా? మనం తినొచ్చా? చైనాలో వీటిని పెంచుతున్నారని వీడియోలో చూశాను, మనం కూడా పెంచొచ్చా?

జవాబు: మీ అమ్మగారు చెప్పిందే కరెక్ట్ అండీ. అది నాలుక చేపే. దానికి ఏ రోగమూ లేదు, మీరు చెరువులో వాడిన మందులకీ దాని మొహానికీ ఏ సంబంధమూ లేదు. ఫొటో పెద్దది చేసి చూశాను. తోక విడిగా లేదు, వీపు మీది రెక్కా పొట్ట కింది రెక్కా రెండూ వెనక్కి వెళ్లి తోకలోనే కలిసిపోయాయి. మూతి ముందు భాగం చిలక ముక్కులా కిందికి వంగి నోటిని కప్పేసింది, మీకు వంకరగా కనిపించింది అదే. ఒక చేపను కళ్లున్న పక్క మీ వైపుకి వచ్చేలా, కళ్ల కింద నోరు ఉండేలా పట్టుకుని చూడండి. తల ఎడమకి తిరిగి ఉంటుంది. అంటే కళ్లు రెండూ ఎడమ పక్కన ఉన్నట్టు. నాలుక చేపల కుటుంబానికి ఇది గుర్తు. తల కుడికి తిరిగి ఉంటే అది వేరే కుటుంబం చేప, అవి కూడా మన ఉప్పుటేర్లలోకి వస్తుంటాయి.

ఇప్పుడు ఆ కళ్ల సంగతి. గుడ్డులోంచి బయటికొచ్చినప్పుడు ఇది అన్ని చేప పిల్లల్లాగే ఉంటుంది, చెరో పక్క ఒక కన్ను, నీళ్లలో నిటారుగా ఈదుతుంది. కొన్ని వారాలకి కుడి కన్ను మెల్లగా నడినెత్తి దాటి ఎడమ పక్కకి వచ్చేస్తుంది, పుర్రె ఎముకలు కూడా దాంతోపాటు మెలి తిరుగుతాయి, ఆ తర్వాత చేప పక్కకి ఒరిగి, కన్ను లేని పక్క నేలకి ఆనించి ఇక జీవితమంతా అలాగే పడుకుని బతుకుతుంది. దీన్ని నడిపించేది థైరాయిడ్ హార్మోను. తోకకప్ప కప్పగా మారేటప్పుడు పనిచేసేది కూడా అదే. కన్ను సగం దూరమే జరిగిన చేపల శిలాజాలు ఇటలీలోని బోల్కా కొండ రాళ్లలో ఉన్నాయి, దాదాపు 5 కోట్ల ఏళ్ల నాటివి, వాటి వివరాలు 2008లో బయటికొచ్చాయి. ఇది మీ చెరువుకి అవసరమైన విషయం కాదని తెలుసు, కానీ కూలీలకి ఒకసారి చెప్పండి, ఎందుకంటే ఇలాంటి చేప కనిపిస్తే గట్టు మీదికి విసిరేసేవాళ్లని నేను చాలామందిని చూశాను, ప్రతిసారీ బాధేస్తుంది.

మన తీరంలో ఇవి కొత్తవి కావు. స్కాట్లాండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో 1803లో పుస్తకం వేశాడు. జాలర్లు ఏ పేరుతో పిలిస్తే ఆ పేరే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నాడు, బల్లపరుపు చేపల పేర్లలో 'నాలక' అనే మాట అప్పటికే ఉంది. తమిళంలోనూ దీన్ని నాలుక చేప అనే అంటారు.

దీనికి ఇసుక, మెత్తటి ఒండ్రు కావాలి. రెక్కలు అల్లల్లాడించి మట్టి మీద కప్పుకుని కళ్లు మాత్రం బయట పెట్టి పడుకుంటుంది, పై చర్మం రంగు నేల రంగులో కలిసిపోతుంది. అందుకే పంట కాలమంతా చెక్ ట్రేలు (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లేలు) లేపుతున్నా, విసురు వల వేస్తున్నా మీకు ఒక్కటి కూడా కనపడలేదు. వల గొలుసు దాని మీదుగా జారిపోతుంది. నీళ్లు పూర్తిగా తోడేశాకే బయటపడతాయి.

రొయ్యల్ని తినేశాయా అన్నారు. నోరు చూడండి, ఎంత చిన్నదో. దాని తిండి బురదలోని పురుగులు, బుల్లి గుల్లలు, రొయ్య జాతి చిన్న జీవులు. మీరు సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వదిలిన మొదటి రోజుల్లో కొన్నిటిని తిని ఉండొచ్చు, కాదనను. మేత కూడా కొంత తిని ఉంటాయి. కానీ అంగుళం, రెండంగుళాలు దాటిన వనామీని ఆ నోటితో పట్టుకోలేదు, పైగా రెండెకరాలకి పాతిక చేపలు. దిగుబడి తగ్గి ఉంటే కారణం ఇంకెక్కడో వెతకాలి.

అసలు నేను ఈ జవాబు ఇంత పొడుగు రాస్తున్నది మీ మొదటి ప్రశ్న కోసం, ఎలా వచ్చాయి అన్నదాని కోసం. ఈ చేపల గుడ్డు నీళ్లలో తేలుతుంది, సైజు మిల్లీమీటరు లోపు. చెరువులోకి నీళ్లు తోడే పైపు మూతికి కట్టే 60 మెష్ (అంగుళానికి 60 కళ్లున్న వల) ఫిల్టర్ సంచిలో రంధ్రం దాదాపు పావు మిల్లీమీటరు. అంటే సంచి బాగుంటే గుడ్డు కూడా లోపలికి రాకూడదు, పిల్ల సంగతి చెప్పక్కర్లేదు. పాతిక చేపలు వచ్చాయంటే సంచి ఎక్కడో చిరిగింది, లేదంటే పైపుకి కట్టిన చోట వదులైంది, లేదా మధ్యలో ఒకసారి నీళ్లు తగ్గాయని సంచి తీసేసి పెట్టారు. ఈ మూడోది ఎవరూ ఒప్పుకోరు గానీ ఎక్కువగా జరిగేది అదే, ఒండ్రు పట్టి సంచి ఉబ్బిపోతుంది, ఇంజిను మీద లోడు పడుతుంది, రాత్రిపూట మోటారు దగ్గరున్న కుర్రాడు ముడి విప్పేస్తాడు.

చేప వచ్చిన దారిలోనే పీత పిల్లలు, ఏటి రొయ్య పిల్లలు కూడా వస్తాయి. రొయ్యల్ని చంపేసే వైట్ స్పాట్ (తెల్లమచ్చ) వైరస్‌ని మోసేది అవే, పీతలు, ఎండ్రకాయలు, ఏటి రొయ్యలు. చేప ఆ వైరస్‌కి ఆశ్రయం కాదు, ఈ పంటలో మీకు వైట్ స్పాట్ రాలేదు కాబట్టి బయటపడ్డారు. కానీ ఆ చిరుగు అలాగే ఉంటే వచ్చే పంటకి గ్యారంటీ లేదు, అందుకే ఈ చేపల్ని చూసి మీరు టెన్షన్ పడాల్సింది రోగం గురించి కాదు, ఆ సంచి గురించి.

ఇప్పుడే చేయండి. సంచిని ఎండలో పరిచి లోపలికి చెయ్యి పెట్టి వెలుతురుకి ఎదురుగా కుట్ల వెంట చూడండి, చిరుగులు ఎక్కువగా కుట్టు దగ్గరే ఉంటాయి. పాతదైతే అతుకులు వేయకుండా కొత్తది కొనండి, ఒకదానిలో ఒకటి రెండు సంచులు కట్టండి, సంచి పొడుగ్గా ఉంటే తొందరగా పూడుకుపోదు కాబట్టి విప్పేయాలన్న ఆలోచన కూడా రాదు. చెరువు అడుగు పగుళ్లు తీసేదాకా ఎండబెట్టండి, తూము దగ్గర గుంటలో తడి మిగిలితే అక్కడ చేప, పీత బతికే ఉంటాయి. నీళ్లు పెట్టాక సీడ్‌కి ముందు 60 పీపీఎం, అంటే ఘనపు మీటరు నీటికి 60 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ వేయండి. ఎకరా చెరువులో మీటరు లోతు నీళ్లంటే సుమారు 4,050 ఘనపు మీటర్లు, ఆ లెక్కన ఎకరాకి 240 కిలోల చిల్లర అవుతుంది, 30 శాతం క్లోరిన్ ఉన్న సరుకు అయితేనే. మూత తీసి నిల్వ ఉంచిన పౌడర్‌లో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది. సాయంత్రం పూట వేయండి, ఎండకి క్లోరిన్ పోతుంది. సున్నం అదే రోజు వేయకండి, పీహెచ్ పెరిగితే బ్లీచింగ్ పనిచేయదు. నీటిలో క్లోరిన్ పూర్తిగా పోయిందని టెస్ట్ చేశాకే సీడ్ వదలాలి. ఒకవేళ పంట మధ్యలో చేపలు కనిపిస్తే టీ గింజల చెక్క 15 నుంచి 20 పీపీఎం, అంటే ఎకరా మీటరు లోతుకి 60 నుంచి 80 కిలోలు, రాత్రంతా నానబెట్టి ఉదయం చల్లి ఏరేటర్లు తిప్పండి. అందులోని సపోనిన్ ఎర్ర రక్తమున్న చేప మొప్పల మీద పనిచేస్తుంది, రొయ్యకి ఆ రక్తం లేదు కాబట్టి ఆ మోతాదులో దానికి ప్రమాదం ఉండదు. ఇక పీతలు గట్టెక్కి నడిచి కూడా వస్తాయి, చుట్టూ పీతల కంచె లేకపోతే సంచి ఎంత బాగున్నా సగం పనే అవుతుంది.

పెంపకం గురించి. చైనాలో పెంచుతున్న నాలుక చేప వేరే జాతి, అక్కడి చల్లటి సముద్రాల చేప. దానిలో ఆడది మగదానికంటే రెండు నుంచి నాలుగు రెట్లు పెరుగుతుంది, అందుకే అక్కడి శాస్త్రవేత్తలు దాని జన్యుపటం మొత్తం చదివి 2014లో ప్రచురించారు, ఎక్కువ ఆడ పిల్లలు వచ్చే సీడ్ కోసం ఏళ్ల తరబడి పనిచేశారు. మన జాతులకి అలాంటి హేచరీ సీడ్ ఇక్కడ వ్యాపారంగా దొరకదు. ఎవరైనా ఫోన్లో నాలుక చేప సీడ్ ఇస్తాం, అడ్వాన్స్ పంపండి అంటే ఒక్క రూపాయి కూడా పంపకండి, విదేశీ సీడ్‌ని అనుమతి లేకుండా తెప్పించడం నేరం కూడా. ఉప్పు నీటి చెరువులో చేప వేయాలన్న కోరిక ఉంటే పండుగప్ప చూడండి. చెన్నైలోని సీబా (ఉప్పునీటి చేపలు, రొయ్యల పెంపకం మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ) 1997లోనే దాని గుడ్లు పొదిగించి పిల్లల్ని తీసింది, ఇప్పుడు సీడ్ దొరుకుతుంది, మేత ఉంది, మార్కెట్ ఉంది. ఒక పంట రొయ్య, ఒక పంట పండుగప్ప వేసుకునే రైతులు ఉన్నారు.

ఇక తినడం. పట్టుబడికి ముందు రోజుల్లో చెరువులో ఏమేం వాడారో మీరు రాయలేదు. కాపర్ సల్ఫేట్, పురుగుమందు, యాంటీబయోటిక్ లాంటివి ఏవైనా పడి ఉంటే ఆ చేపలు వద్దు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అయితే రొయ్యలకే నిషేధం, వాటి ఊసే ఉండకూడదు. అలాంటివేవీ పడకపోతే, చేప బతికుండగా దొరికి ఉంటే, హాయిగా తినండి. ఇప్పటికే ఐస్ లేకుండా రోజంతా ఉంచినవైతే పారేయండి.

దీని చర్మం తీయాలి, పొలుసు గీకుతూ కూర్చుంటే పొద్దు పోతుంది. చేతికి కాస్త బూడిదో గళ్లుప్పో రాసుకుని తల దగ్గర కత్తితో గాటు పెట్టి, చర్మం కొస గోటితో లేపి, గరుకు గుడ్డతో పట్టుకుని తోక వైపుకి ఒకే పట్టున లాగండి. చరచరా ఊడి వచ్చేస్తుంది. కింద మాంసం తెల్లగా, కొవ్వు లేకుండా ఉంటుంది. ముల్లు నడిమధ్య ఒక్క వరసే, వండాక వేలితో నొక్కితే మాంసం పైన రెండు, కింద రెండు పట్టీలుగా విడిపోతుంది, అందుకే పిల్లలకీ పెద్దవాళ్లకీ పెట్టడానికి ఇంత మంచి చేప నాకు తెలిసి తక్కువ. పల్చటిది కాబట్టి పక్కకి రెండు మూడు నిమిషాలు చాలు, ఎక్కువ ఉంచితే పీచులా అయిపోతుంది. ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి అరగంట ఉంచి, బియ్యప్పిండి అద్ది పెనం మీద వేయించండి. గోవాలో వీటిని లెపో అంటారు, రవ్వ అద్ది వేయిస్తారు. కేరళలో మాంతల్ అంటారు, వానాకాలం తగ్గాక ఒడ్డు దగ్గరికి గుంపులుగా వస్తాయి, తినగా మిగిలినవి ఎండబెడతారు. కొవ్వు లేదు కాబట్టి ఎండు చేప ముక్క వాసన రాకుండా నిలవుంటుంది. పులుసు పెడితే మాత్రం చింతపండు పులుసు మరిగి చిక్కబడ్డాక చివర్లో ముక్కలు వేయండి, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పండి. ఇంకో మాట, హోటళ్లలో సోల్ ఫిల్లెట్ అని పెట్టేది చాలాసార్లు బాసా పేరుతో అమ్మే పంగాసియస్, మన కొల్లేరు పక్క చెరువుల్లో పెంచే చేప. తప్పుడు చేప కాదు, కానీ నాలుక చేప మాత్రం కాదు.

అమ్మగారికి మళ్లీ కావాలంటే చెరువులో రానివ్వకండి, కాకినాడ కుంభాభిషేకం రేవులో కొనండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ తాజావి సరిగా దొరకవు. సంచి చూశాక చిరుగు ఎక్కడుందో ఫొటో తీసి పంపండి, నీళ్లు పెట్టే ముందు ఇంకోసారి మాట్లాడుకుందాం.