ఉగాది లోపల కర్నూలు చుట్టుపక్కల పక్షులు, పురుగులు చూడాలంటే యాడికి పోవాలి?

అక్కా, మీరు అడిగింది ఇది కదా: కర్నూలుకు కొత్తగా వచ్చినాం, తొమ్మిదేళ్ల పాప ఉంది, ఎండలు ముదరక ముందే పక్షులు, సీతాకోకచిలుకలు చూపించాలి, రోళ్లపాడులో బట్టమేక అనే పెద్ద పక్షి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కనబడుతుందా, కడప పోతే కలివికోడిని చూడొచ్చా, ఆ గుత్తి నీలం సాలీడు ఎక్కడుంటుంది, బైనాక్యులర్స్ ఏవి కొనాలి అని.

ముందు ఆ మూడు పెద్ద పేర్లు పక్కన పెట్టేయండి. రోళ్లపాడు శాంక్చురీ 1988లో బట్టమేక కోసమే పెట్టినారు, 614 హెక్టార్ల గడ్డిభూమి, కానీ కాలవ నీళ్లొచ్చి చుట్టూ ఉన్న మెట్ట చేలు, బీడు భూములు మారిపోయినాయి, ఇప్పుడు ఆ పక్షిని చూస్తామని పోతే పాప నిరాశపడుతుంది. కలివికోడి అయితే రాత్రి తిరిగే పక్షి, 1900 తర్వాత ఎవరికీ కనబడక పోయిందనుకుంటే 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది, దాని కోసం లంకమల శాంక్చురీ పెట్టినారు, తెలుగుగంగ కాలవ దారి కూడా కొంత మార్చినారు, అట్లాంటి దాని వెనక టార్చి పట్టుకుని మనం పోవడం నాకైతే నచ్చదు. నీలం సాలీడు 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది కాబట్టి గుత్తి పేరు పడింది గానీ అది ఉండేది నంద్యాల గిద్దలూరు మధ్య అడవిలో, పాత చెట్ల తొర్రల్లో. పట్టుకుపోయి అమ్ముకునే వాళ్ల పుణ్యాన దానికి ఇప్పటికే కష్టకాలం. ఫోటోలో చూపించండి చాలు.

నా మాట వింటే మొదటి రోజు ఒక్క జిల్లేడు చెట్టు దగ్గర కూర్చోండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. నేను మా పిన్ని కొడుకును వెంటేసుకుని తిరిగేటప్పుడు వాడు పక్షుల కోసం పరుగెత్తి పది నిమిషాలకే విసుక్కునేవాడు, అదే జిల్లేడు దగ్గర కూర్చోబెడితే గంట కదల్లేదు. పూల మీద పెద్ద నల్ల తుమ్మెదలు వస్తాయి, జిల్లేడుకు కాయ పట్టడానికి ఎక్కువగా అవే దిక్కు. ఆరెంజ్ రెక్కలకు నల్ల అంచు, కొసల్లో తెల్ల చుక్కలు ఉండే సీతాకోకచిలుక తిరుగుతుంటే దాన్నే గమనించమనండి, పురుగుల పేర్లు చెప్పే ఐనేచురలిస్ట్ యాప్ లో ప్లెయిన్ టైగర్ అని వస్తుంది, అది ఆకు కింద ఒక్కొక్క గుడ్డే పెట్టుకుంటూ పోతుంది. చారల గొంగళిపురుగు దొరికితే ఇంకా మంచిది, అది ఆకు తినే ముందు ఈనె దగ్గర కొరికి పాలు కారిపోనిచ్చి అప్పుడు మొదలుపెడుతుంది. ఆ పాలలో ఉండే విషం కొంత దాని ఒంట్లోనే ఉండిపోయి, సీతాకోకచిలుక అయినాక పక్షులు ఒకసారి నోట్లో పెట్టుకుంటే మళ్లీ దాని జోలికి రావు. ఇంకో తమాషా ఏందంటే డానాయిడ్ ఎగ్‌ఫ్లై అని వేరే జాతి ఉంది, దాంట్లో ఆడది అచ్చం ఈ వేషమే వేసుకుని బతికేస్తుంది, మగదేమో నల్లగా తెల్ల మచ్చలతో ఉంటుంది. లేత కొసల్లో పసుపు పచ్చ పేనుబంక, దాన్ని తినడానికి అక్షింతల పురుగులు. ఇవన్నీ ఒక్క చెట్టు మీదే. పాప ఆకు తుంచకుండా చూసుకోండి, జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, చేతులు కడగకుండా కళ్లు నలపనియ్యద్దు.

ఈ పని గార్గేయపురం చెరువు దగ్గర చేస్తే పక్షులు కూడా కలిసొస్తాయి. ఊరి నుంచి నందికొట్కూరు రోడ్డులో దగ్గరే, నగరవనం ఉంది. సూర్యుడు పొడిచే లోపల చేరుకుంటే తొమ్మిదికల్లా ఇంటికొచ్చేయొచ్చు, మార్చి సగం దాటితే మన దగ్గర మధ్యాహ్నం 40 దగ్గరికి పోతాది, పక్షులే నీడ వెతుక్కుంటాయి, ఇంక మనమెంత. రోడ్డు పక్క కరెంటు తీగల మీద పాలపిట్టలు చూడండి, ఈ నెలల్లో జత కట్టే సీజన్, మగది పైకి లేచి గొంతు చించుకుంటూ పల్టీలు కొడుతూ కిందికి దూకుతాది, ఆ నీలం రెక్కలు అప్పుడు చూడాలి. పచ్చగా చిన్నగా ఉండే పసిరికె పిట్టలు కూడా తీగల మీదే ఉంటాయి, తేనెటీగను పట్టుకొచ్చి కూర్చున్న చోటే బాది బాది ముల్లు పోగొట్టి మింగుతాయి. మట్టి గట్టుల్లో బొక్కలు తవ్వి గుడ్లు పెట్టేది కూడా ఇప్పుడే, ముక్కులో పురుగు పట్టుకుని లోపలికి పోకుండా మిమ్మల్నే చూస్తూ కూర్చుందంటే మీరు దాని బొక్కకు అడ్డంగా ఉన్నట్టు, పక్కకు జరగండి.

రోళ్లపాడుకు కూడా పోండి, బట్టమేక ఆశ లేకుండా పోండి. నందికొట్కూరు మీదుగా ఉదయం ట్రాఫిక్ లేకుంటే గంట, గంటన్నర. కృష్ణజింకలు ఎట్లాగూ కనబడతాయి. నేను పోయేది మాత్రం పిల్లిగద్దల కోసం, హారియర్ అంటే యాప్ లో వస్తాయి, మధ్య ఆసియా నుంచి చలికాలానికి వచ్చి గడ్డి మీద తక్కువ ఎత్తులో తేలుతూ మిడతల్ని, చిన్న పిట్టల్ని పట్టుకుంటాయి, రాత్రి చెట్టెక్కకుండా గడ్డిలో నేల మీదే పడుకుంటాయి. మార్చి చివరికి, ఏప్రిల్ మొదటికి వెళ్లిపోతాయి కాబట్టి ఫిబ్రవరిలో పోతేనే బాగుంటుంది. అక్కడ గొర్రెలు మేపే ఒక పెద్దాయన మాకు నీటిగుంట ఒకటి చూపించి పొద్దెక్కినాక ఈడ కూర్చోండప్పా అన్నాడు, కూర్చుంటే సాండ్‌గ్రౌజ్ అనే పావురం లాంటి పక్షులు గుంపుగా వచ్చి నీళ్లు తాగి క్షణంలో లేచిపోయినాయి. గైడ్ల కన్నా కాపర్లను అడగడమే మేలని నా అభిప్రాయం. గేట్ దగ్గర అడిగి పోండి, గడ్డిలోకి నడవద్దు, నేల మీద గూడు పెట్టే పిట్టలు చాలా ఉంటాయి.

సెలవులు రెండు మూడు రోజులు వస్తే హిందూపురం వైపు వీరాపురం. పాత అనంతపురం జిల్లా, ఇప్పుడు సత్యసాయి జిల్లా కిందికి వచ్చింది. సంక్రాంతి చుట్టుపట్ల ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి మధ్యలో చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి, ఊరోళ్లు వాటిని శుభమనుకుంటారు, ఎవరినీ తాకనియ్యరు. మార్చి, ఏప్రిల్‌లో అయితే పిల్లలకు తినిపించడం కూడా చూడొచ్చు. వాసన మాత్రం గట్టిగానే ఉంటుంది, పాపకు ముందే చెప్పి తీసుకుపోండి. పనిలో పనిగా లేపాక్షి కూడా చూసుకుని రావచ్చు.

పాప ఎర్ర మఖమల్ లాంటి ఆరుద్ర పురుగు కావాలంటే ఇప్పుడు దొరకదు, జూన్‌లో తొలి వానలు పడినాక ఎర్రమట్టి చేలల్లో చూపించండి.

బైనాక్యులర్స్ 8 ఇంటూ 42 (8 రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) తీసుకోండి, ఎక్కువ జూమ్ అని ఆశపడి పెద్దవి కొంటే చెయ్యి వణికి ఏమీ కనబడదు, పాపకు బరువనిపిస్తే 8 ఇంటూ 32 చూడండి. పక్షి కూత పట్టుకోడానికి మెర్లిన్ యాప్, పురుగులకు ఐనేచురలిస్ట్ యాప్, రెండూ ఫ్రీ. పురుగు ఫోటో పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, అది కూర్చున్న చెట్టుది ఒకటి తీసి పెడితే పేరు చెప్పేవాళ్లు తొందరగా దొరుకుతారు, ఉత్త పురుగు ఫోటో ఒక్కటే పెడితే అట్లే పడి ఉంటుంది.