వాలరెంట్ తుపాకుల వెనక ఉన్న అసలు తుపాకులు ఏవి?

"వాలరెంట్ అనే షూటింగ్ గేములోని తుపాకుల్లో వాండల్ అంటే ఏకే-47, ఫాంటమ్ అంటే ఎం4, ఆపరేటర్ అంటే ఏడబ్ల్యూపీ అని మా ఫ్రెండ్స్ అంటారు. నిజమేనా?" అని అడిగారు. సగం నిజం. ఆ సగం ఎక్కడుందో విప్పి చెప్పాలంటే జవాబు కాస్త పొడుగవుతుంది. గేముల కోసం తుపాకుల త్రీడీ మోడళ్ళు చేయడం నా ఉద్యోగం. వాలరెంట్ తయారీతో నాకే సంబంధమూ లేదు, ఆడేవాడిగా మాత్రం బాగా తెలుసు.

గేములో తుపాకీకి రూపం ఒకచోట నుంచి వస్తుంది, పనిచేసే తీరు ఇంకోచోట నుంచి, అంకెలు మరోచోట నుంచి. మూడూ ఒకే అసలు తుపాకీ నుంచి వచ్చిన సందర్భాలు చాలా తక్కువ. అందుకే "ఇది దేనికి కాపీ" అని అడిగితే నేను ముందు "ఏ విషయంలో?" అని అడుగుతాను.

అంకెలనే తీసుకోండి. అసలు ఏకే-47 నిమిషానికి దాదాపు 600 తూటాలు కాలుస్తుంది. కౌంటర్-స్ట్రైక్ అనే పాత షూటింగ్ గేములోని ఏకే కూడా 600. వాండల్ సెకనుకు 9.75, అంటే నిమిషానికి 585. ఇక్కడిదాకా మీ ఫ్రెండ్స్ మాటే నెగ్గుతుంది. ఫాంటమ్ దగ్గరికి రండి. అది సెకనుకు 11, అంటే నిమిషానికి 660. అసలు ఎం4 నిమిషానికి 700 నుంచి 950 దాకా కాలుస్తుంది. మరి 660 ఎక్కడిది? కౌంటర్-స్ట్రైక్‌లోని ఎం4ఏ4 స్పీడు 666. పోలిక సైన్యం రైఫిల్‌తో కాదు, పాత గేములోని రైఫిల్‌తో కుదురుతోంది. ఆ గేములో ఏడబ్ల్యూపీ ధర 4750, ఇక్కడ ఆపరేటర్ 4700. ఇంతకీ ఆ ఏడబ్ల్యూపీ కూడా పేరుకే ఏడబ్ల్యూపీ. అసలుది పోలీసుల కోసం 7.62×51 తూటాకి చేసిన రైఫిల్. గేములో దానికి పెట్టింది .338 మ్యాగ్నమ్ తూటా, అది ఏడబ్ల్యూఎం అనే అన్నగారిది. అంటే మీరు చూస్తున్నది కాపీకి కాపీ.

వాండల్, ఫాంటమ్‌ల తేడాలో నాకు బాగా నచ్చే సంగతి ఇంకొకటుంది. గేములో ఫుల్ షీల్డ్ (పూర్తి కవచం) ఉన్నవాడికి 150 ప్రాణం పాయింట్లు ఉంటాయి. వాండల్ హెడ్‌షాట్, అంటే తలకి తగిలిన తూటా, ఎంత దూరం నుంచైనా 160 పాయింట్లు తీసేస్తుంది, ఒక్కటి చాలు. ఫాంటమ్‌ది దగ్గర్లో 156, దూరం పెరిగితే 150 కిందికి పడిపోతుంది. అందుకే దూరానికి వాండల్, దగ్గరికి ఫాంటమ్ అని అందరూ చెప్పుకుంటారు. అసలు తుపాకుల్లో కథ దాదాపు తలకిందులు. ఏకే తూటా గొట్టం దాటేటప్పుడు వేగం సెకనుకు దాదాపు 715 మీటర్లు. ఎం4 కాల్చే 5.56 తూటా సన్నం, తేలిక, వేగం 880 మీటర్ల పైమాటే. దూరం పోయేకొద్దీ ఏకే తూటా ముందుగా కిందికి జారుతుంది, ఎం4 తూటా ఇంకా తిన్నగా పోతూ ఉంటుంది. గేము డిజైనర్‌కి ఇది తెలియక కాదు. ఒకటి గట్టిగా కొట్టాలి, ఇంకొకటి చేతికి ఒదగాలి, రెండూ ఒకే ధరకి న్యాయం చేయాలి. ఆ లెక్క కోసం భౌతికశాస్త్రాన్ని పక్కన పెట్టారు, సరైన పనే చేశారని నా అభిప్రాయం.

ఇక రూపం. ఫాంటమ్ ముందు భాగం, అంటే పొట్టి గొట్టం, దాన్ని కప్పేస్తూ లావుపాటి సైలెన్సర్ చూస్తే నాకు ఎం4 కంటే హనీ బ్యాడ్జర్ అనే చిన్న రైఫిల్ గుర్తొస్తుంది. దాని వెనక ఇంజనీరింగ్ చాలా బావుంటుంది. సైలెన్సర్ పెడితే శబ్దం మాయమైపోదు. తుపాకీ మోత 140 డెసిబెల్స్ పైనే ఉంటుంది, మంచి సైలెన్సర్ అందులో 20 నుంచి 35 దాకా తగ్గిస్తుంది, అంతే. పైగా తూటా ధ్వని వేగాన్ని, అంటే సెకనుకు దాదాపు 340 మీటర్లను దాటితే, అది వెళ్ళిన దారంతా ఫట్‌మని పగిలే చప్పుడు వస్తుంది. గొట్టం కొసకి ఏది తగిలించినా ఆ చప్పుడు పోదు. దీనికి హనీ బ్యాడ్జర్ వాడిన ఉపాయం .300 బ్లాకౌట్ అనే తూటా. 5.56కి వాడే మ్యాగజైన్ (తూటాల పెట్టె), బోల్ట్ (తూటాని గొట్టంలోకి తోసే భాగం) దీనికీ సరిపోతాయి, గొట్టం మారిస్తే చాలు. కావాలంటే ఇందులో బాగా బరువైన తూటా పెట్టి సెకనుకు 310 మీటర్ల దగ్గర, ధ్వని కంటే నెమ్మదిగా పంపొచ్చు.

వాలరెంట్‌లోని స్పెక్టర్ అనే తుపాకీని చూస్తే గుర్తొచ్చే అసలు తుపాకీ ఎంపీ5ఎస్‌డీ ఇదే సమస్యని ఇంకో రకంగా తీర్చింది. అందులో మామూలు 9 ఎంఎం తూటాలే వాడతారు. గొట్టానికే 30 చిన్న రంధ్రాలు వేసి, సైలెన్సర్‌ని దాని చుట్టూ తొడిగారు. తూటా ఇంకా లోపల ఉండగానే వెనకున్న గ్యాస్ ఆ రంధ్రాల్లోంచి జారిపోతుంది. తూటా వేగం తగ్గి, ధ్వని వేగానికి దిగువనే బయటికొస్తుంది. గేములో సైలెన్సర్ ఉన్న తుపాకుల తూటా గీతలు ఎదుటివాడికి కనపడవు కదా, అది మాత్రం పూర్తిగా గేము కోసం కల్పించింది. అసలు ట్రేసర్ అంటే వెలుగు గీత గీస్తూ పోయే తూటా. ఆ వెలుగు తూటా అడుగున నింపిన రసాయనం నుంచి వస్తుంది, సైలెన్సర్‌తో దానికి పని లేదు.

వాలరెంట్‌లోని మార్షల్ అనే స్నైపర్ తుపాకీ గురించి ఎవరూ అడగరు గానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే. ప్రతి షాట్ తర్వాత ట్రిగ్గర్ కింద ఉన్న లివర్‌ని కిందికి లాగి పైకి కొట్టే లివర్ యాక్షన్ అది. అలాంటి తుపాకీకి స్కోప్ పెట్టి స్నైపర్ అనడం చాలామందికి వింతగా ఉంటుంది, దానికి కారణం కూడా ఉంది. పాతకాలపు లివర్ రైఫిళ్ళలో తూటాలు గొట్టం కింద ఇంకో సన్నని గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరుసగా పడుకుని ఉంటాయి. వెనక తూటా ముక్కు ముందు తూటా అడుగున ఉన్న ప్రైమర్‌కి, అంటే దెబ్బ తగిలితే తూటాని పేల్చే భాగానికి, ఆనుతుంది. ముక్కు సూదిగా ఉంటే కుదుపుకి లోపలే పేలే ప్రమాదం. అందుకని మొద్దు ముక్కు తూటాలే వాడేవారు, అవి గాలిలో తొందరగా వేగం కోల్పోతాయి, దూరానికి పనికిరావు. ఈ చిక్కుని జాన్ బ్రౌనింగ్ తన వించెస్టర్ 1895లో విడదీశాడు. తూటాల్ని ఒకదాని మీద ఒకటి పేర్చే పెట్టె మ్యాగజైన్ పెట్టడంతో సూది ముక్కు తూటాలకి అడ్డు పోయింది. మొదటి ప్రపంచయుద్ధంలో రష్యా వీటిని దాదాపు 3 లక్షలు కొన్నది. కాబట్టి దూరం కొట్టగల లివర్ రైఫిల్ అనేది గాలిలోంచి పుట్టిన ఊహ కాదు.

మోడల్ చేసేవాళ్ళకి మాత్రమే కనపడే సంగతి ఒకటి చెప్తాను. కుడిచేతివాటం వాడికి గేములో తుపాకీకి ఎడమవైపున్న భాగమే కనపడుతుంది. చాలా రైఫిళ్ళలో ఖాళీ కేసులు ఎగిరే కిటికీ, ఏకేలో బోల్ట్ లాగే పిడి కూడా కుడివైపే ఉంటాయి. అంటే అసలు కదలికంతా ఆటగాడికి కనపడని వైపు జరుగుతుంది. నేను ఒక రైఫిల్ చేస్తున్నప్పుడు మా లీడ్ యానిమేటర్ వచ్చి ఆ పిడిని ఎడమకి మార్చమన్నాడు. రీలోడ్‌లో చెయ్యి తుపాకీ వెనక మాయమైతే ఏం జరుగుతోందో ఎవరికీ అర్థం కాదు, మారిస్తే బోల్ట్ వెనక్కి జరగడం కళ్ళారా కనపడుతుంది. పాత కౌంటర్-స్ట్రైక్‌లో ఏకే బోల్ట్ ఎడమవైపు ఉండటం గమనించే ఉంటారు. ఆ తర్వాత ఆ మోడల్‌ని మొత్తం నల్లగా నింపి, బొటనవేలు గోరంత సైజుకి తగ్గించి చూశాం. ఆ సైజులోనూ ఇది ఏ తుపాకీయో చెప్పగలిగితేనే పాస్. నాది పక్క రైఫిల్‌లాగే కనపడింది, అందుకని బట్‌ని (భుజానికి ఆనించే వెనక భాగాన్ని) కోసి మ్యాగజైన్‌ని వంచాం. అక్కడితో అది ఏ అసలు తుపాకీకీ చెందకుండా పోయింది. గేముల్లో కనపడే "కలగాపులగం" డిజైన్లు చాలావరకు ఇలాగే పుడతాయి.

పేర్లు మార్చడం లైసెన్సుల భయం వల్లేనా అని కూడా అడిగారు. కొంత అదే. 2013లో ఈఏ అనే గేముల కంపెనీ ఇకపై తుపాకీ కంపెనీలతో లైసెన్సు ఒప్పందాలు చేసుకోనని ప్రకటించింది. కానీ చట్టం అందరూ అనుకునేంత కఠినంగా లేదు. కాల్ ఆఫ్ డ్యూటీ అనే గేములో హంవీ అనే సైనిక వాహనం వాడినందుకు ఆ వాహనం తయారీదారు ఏఎం జనరల్, గేము కంపెనీ యాక్టివిజన్ మీద వేసిన కేసు 2020లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఓడిపోయింది. ఎం4 అనే పేరు ఒక్క కంపెనీ సొత్తు కాదని, ఆ రకం తుపాకీకి అందరూ వాడే మాటేనని తుపాకీ కంపెనీ కోల్ట్ వేసిన కేసులో 2007లో అమెరికా అప్పీల్ కోర్టు తేల్చింది. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ గేము మోడర్న్ వార్‌ఫేర్ 2లో ఏకే కాస్టోవ్ అయింది, ఎంపీ5 లాచ్‌మన్ అయింది, ఎం4 మాత్రం ఎం4గానే ఉంది. వాలరెంట్ లాంటి గేము కల్పిత పేర్లు పెట్టుకోవడానికి చట్టం కంటే పెద్ద కారణం స్వేచ్ఛ అని నేను నమ్ముతాను. ఏకే అని పేరు పెట్టి 25 తూటాల మ్యాగజైన్ ఇస్తే, అసలుదానికి 30 కదా అని మొదటి రోజే గొడవ మొదలవుతుంది. వాండల్‌కి 25 ఇచ్చారు, ఎవరూ నోరెత్తలేదు.