టెంట్ మోసుకుంటూ 1,500 కిలోమీటర్ల విరాళాల నడక: 50 రోజుల్లో అవుతుందా?

మీరు అడిగింది ఇది: ఒక స్వచ్ఛంద సంస్థకు విరాళాలు సేకరిస్తూ దేశం ఈ కొస నుంచి ఆ కొసకు 1,500 కిలోమీటర్లు నడవాలి, రాత్రిళ్లు టెంట్‌లోనే పడుకోవాలి, రోజుకు 30 చొప్పున 50 రోజుల్లో పూర్తవుతుందా, వెంట ఏం ఉండాలి?

ఆ లెక్క కాగితం మీద కుదురుతుంది, కాళ్లతో కుదరదు. ఇలాంటి నడకలు చెడేది చివర్లో కాదు, మొదటి పది పన్నెండు రోజుల్లోనే. ఊపిరి, కండరాలు కొన్ని వారాల సాధనకే దారికి వస్తాయి. టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలు), ఎముకలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. అందుకే మూడో రోజు సాయంత్రం ఒంట్లో ఇంకా ఓపిక ఉన్నట్టే ఉంటుంది, మరో పది కిలోమీటర్లు లాగేద్దామనిపిస్తుంది. ఆ పది కిలోమీటర్ల బాకీని ఎనిమిదో రోజున మడమ వడ్డీతో వసూలు చేస్తుంది.

లెక్క ఇలా వేసుకోండి. మొదటి వారం ఆరు రోజులు 15 చొప్పున, రెండో వారం ఆరు రోజులు 20 చొప్పున: మొత్తం 210. మిగిలిన 1,290 కిలోమీటర్లకు రోజుకు 25 అనుకుంటే 52 నడక రోజులు. వారానికి ఒక పూర్తి విశ్రాంతి రోజు, తుపానుకో జ్వరానికో ఐదారు రోజులు కలిపితే దాదాపు 80 రోజులు. ఈ సంఖ్యనే సంస్థకు చెప్పండి. ముగింపు తేదీని మాత్రం ముందే ప్రకటించకండి. తేదీ ప్రకటించినవాళ్లు కాలు వాచినా నడుస్తారు.

బయల్దేరడానికి 12 నుంచి 16 వారాల ముందే సాధన మొదలుపెట్టాలి. వారం వారం దూరం పదో వంతు మించి పెంచకండి. చివరి నెలలో పూర్తి బరువుతో వరసగా మూడు రోజులు నడిచి చూడాలి. ఒక్కరోజు 35 కిలోమీటర్లు నడవగలగడం పెద్ద విషయం కాదు, మర్నాడు పొద్దున్నే లేచి 20 నడవగలరా అన్నదే ప్రశ్న.

ఇక బరువు. టెంట్ ఒకటిన్నర కిలో, స్లీపింగ్ బ్యాగ్ కిలో, కింద పరిచే మ్యాట్ అరకిలో, వీపు సంచి 1.2, బట్టలు 1.5, స్టవ్వు గిన్నె 0.4, ఫోను పవర్ బ్యాంకు లైటు 0.7, మందులు మరమ్మతు సామాను 0.5, చిల్లర మల్లర 0.4. ఇవన్నీ 7.7 కిలోలు. రెండు లీటర్ల నీళ్లు, మూడు రోజుల తిండి (రోజుకు 700 గ్రాములు), గ్యాస్ డబ్బా కలిస్తే 12 కిలోలు దాటుతుంది. తూచకుండా సర్దితే 16 దాకా పోతుంది. ఆ నాలుగు కిలోలు ఎక్కువగా బట్టల్లో, "ఎందుకైనా మంచిది" అని పెట్టుకున్న వస్తువుల్లో ఉంటాయి. సంచి బరువులో ఎక్కువ భాగం నడుము బెల్టు మీద పడాలి. భుజాలు నొప్పెడుతున్నాయంటే బెల్టు తుంటి ఎముక కంటే కిందికి జారిందని అర్థం.

పాదాల సంగతి కాస్త విడమరిచి చెప్పాలి. రోజంతా నడిస్తే పాదం ఉబ్బుతుంది, కాబట్టి బూట్లు సాయంత్రం పూట, నడకలో వేసుకునే సాక్సులతోనే కొలత చూసి కొనండి. పొడవాటి వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. ఒక జత సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది, అంటే మీకు రెండో జత తప్పదు, మూడోదీ కావాల్సి రావచ్చు. ఆ జతను ఇంటి దగ్గరే కొన్ని రోజులు తొడిగి మెత్తబరచి, దారిలో అందేలా ఎవరి దగ్గరైనా ఉంచండి. అడుగు పూర్తిగా అరిగేదాకా ఆగకండి. పైకి బాగున్నా లోపలి మెత్త ముందే అణిగిపోతుంది.

బొబ్బ చర్మం పైపైన రాసుకోవడం వల్లే వస్తుందనుకుంటారు. నిజానికి సాక్సుకు అంటుకున్న చర్మం ఒకచోటే ఉండిపోయి, లోపలి ఎముక ముందుకీ వెనక్కీ కదలడం వల్ల చర్మపు పొరలు లోపల విడిపోతాయి. తడి చర్మం ఇంకా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి చెమట పాదాలకు బొబ్బలెక్కువ. ఎక్కడైనా వేడిగా, చురుక్కుమన్నట్టు అనిపిస్తే "తర్వాతి మజిలీలో చూద్దాం" అనకుండా ఆ క్షణమే ఆగండి. పాదం ఆరబెట్టి, మూలలు గుండ్రంగా కత్తిరించిన జింక్ ఆక్సైడ్ టేపు (గట్టిగా అంటుకునే గుడ్డ పట్టీ) ముడత లేకుండా అంటించండి. ఆ టేపును రోజూ పీకితే చర్మం కూడా ఊడొస్తుంది, దానంతట అది వదిలేదాకా ఉండనివ్వండి. చిన్న బొబ్బను చిదమకండి. పెద్దదై అడుగు వేయనివ్వకపోతే శుభ్రం చేసిన సూదితో అంచున గుచ్చి నీరు తీసి, పై చర్మాన్ని మాత్రం అలాగే ఉంచి కట్టు కట్టండి. చీము, పైకి పాకే ఎర్రటి గీత, జ్వరం కనిపిస్తే డాక్టరు దగ్గరికే. మధుమేహం ఉన్నవాళ్లు అసలు సూది పట్టకూడదు.

సాక్సులు మూడు జతలు చాలు: ఒకటి కాళ్లకు, ఒకటి సంచి మీద ఆరుతూ, ఒకటి నిద్రకు మాత్రమే. నిద్ర జత వేసుకుని ఒక్క అడుగు కూడా బయట పెట్టకండి.

మోకాలి కింద ముందువైపు ఎముక పొడవునా లాగినట్టు నొప్పి వస్తే దూరం సగానికి తగ్గిస్తే తరచూ సర్దుకుంటుంది. అదే నొప్పి వేలితో చూపించగలిగేంత ఒకేచోట ఉండి, పడుకున్నా తగ్గకపోతే ఎముకలో సన్నని పగులు కావచ్చు. అక్కడితో నడక ఆపి డాక్టరుకు చూపించాలి. పగులే అయితే మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, పట్టుదల అక్కడ పనికిరాదు. ఇంకో కారణం చాలామందికి తట్టదు: నీళ్లు పోవడానికి తారు రోడ్డు అంచులకు వాలుగా వేస్తారు. గంటలకొద్దీ ఒకే పక్కన నడిస్తే ఒక కాలు పొట్టిదైనట్టే, మోకాలి బయటివైపు నొప్పి అక్కడి నుంచే మొదలవుతుంది. ఎదురుగా వచ్చే బండ్లు కనిపించే వైపు నడవడం భద్రత, అది మానకండి. దారి అంచున మట్టి బాట ఉన్నచోటల్లా దానిమీదికి దిగండి. మలుపు అవతల ఏముందో కనిపించకపోతే మాత్రం ముందుగానే రెండో పక్కకు మారండి.

టెంట్ వేసే చోటును చీకటి పడటానికి గంట ముందే వెతుక్కోండి. ఎక్కడ వేయొచ్చన్న చట్టం దేశానికో రకంగా, ఒక్కోసారి ప్రాంతానికో రకంగా ఉంటుంది. ఎవరిదైనా ప్రైవేటు భూమి అయితే యజమానిని అడగడమే దారి. నడక ఎందుకో రాసిన చిన్న కార్డు చేతికిస్తే మాట సులువవుతుంది. లోయ అడుగున చల్లగాలి పేరుకుంటుంది, పొడి వాగులో రాత్రికి రాత్రే నీరు రావచ్చు, ఎండుకొమ్మ తల మీద ఉండనే కూడదు. పొద్దున్నే లోపలి గుడ్డ తడిగా ఉంటే టెంట్ కారుతోందని కంగారు పడకండి, చాలావరకు అది మీ ఊపిరే. చలి అని అన్ని జిప్పులూ మూసేస్తే మరింత తడుస్తుంది, పైనా కిందా గాలి ఆడనివ్వండి. తడి టెంట్ మడిచి మోయక తప్పదు, కానీ మధ్యాహ్నం భోజనం దగ్గర పావుగంట ఎండలో పరవండి. లోపల మాత్రం స్టవ్వు వెలిగించకండి, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు ఉష్ణోగ్రతలుంటాయి. "లిమిట్" అంటే ముడుచుకుని ఎలాగో నెట్టుకురాగల చలి, అది చూసి కొని వణికేవాళ్లే ఎక్కువ. హాయిగా నిద్రపట్టే చలిని చెప్పే "కంఫర్ట్" అంకె చూడండి. నీళ్ల ఫిల్టరు బోలు పోగుల రకమైతే (సన్నని గొట్టాల్లాంటి పోగుల గోడల గుండా నీటిని వడకట్టేది) ఒక్కసారి గడ్డకట్టినా పైకి తెలియకుండా పాడవుతుంది, గడ్డకట్టే చలిలో దాన్ని పక్కలో పెట్టుకునే పడుకోండి. అనుమానం ఉన్న నీటిని ఒక నిమిషం, 2,000 మీటర్లు దాటిన ఎత్తులో మూడు నిమిషాలు తెర్లనివ్వాలి. ఎండలో ఉత్త నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది, తిండిలో ఉప్పు ఉండాలి.

విరాళాల పనికి సమయం కేటాయించకపోవడం మీ 50 రోజుల లెక్కలో ఇంకో పెద్ద లోపం. సంస్థ పేరున్న చొక్కా వేసుకుంటే జనం ఆపుతారు. ఆరుగురితో పది నిమిషాల చొప్పున మాట్లాడితే గంట, అంటే మూడు నాలుగు కిలోమీటర్లు. నడిచేది అందుకే కాబట్టి విసుక్కోకుండా లెక్కలో కలపండి. పేరు, లోగో వాడుకోవడానికి సంస్థ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. డబ్బు నేరుగా సంస్థ ఖాతాకే వెళ్లే పేజీ పెట్టించండి, దాని క్యూఆర్ కోడ్ సంచి వెనక కుట్టించండి. మీ సొంత ఖాతాలోకి ఒక్క విరాళం కూడా రానివ్వకండి. తిండికి, బూట్లకు అయ్యే ఖర్చు మీదైతే ఆ మాట పేజీలో మొదటి వాక్యంగా రాయండి. డబ్బాతో వీధి వసూళ్లకు చాలాచోట్ల విడిగా అనుమతి కావాలి. ఫోటోలు పెట్టండి గానీ ఆ రాత్రి ఎక్కడ పడుకుంటున్నారో మర్నాడే చెప్పండి. ఇంట్లో ఒకరికి మాత్రం రోజూ ఒకే వేళకు కబురు వెళ్లాలి, అది రాకపోతే ఎన్ని గంటలు ఆగి ఎవరికి ఫోన్ చేయాలో ముందే కాగితం మీద రాసివ్వండి.

మొదటి వారాల్లో విరాళాలు సన్నగా వస్తే నిరాశపడి వేగం పెంచకండి. క్యాన్సర్ వల్ల కాలు పోగొట్టుకున్న కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్, క్యాన్సర్ పరిశోధనకు విరాళాల కోసం 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలితో కెనడా దాటడానికి పరుగు మొదలుపెట్టినప్పుడు ఆరంభంలో వచ్చింది తక్కువే. 143 రోజులు, 5,373 కిలోమీటర్ల తర్వాత క్యాన్సర్ తిరగబెట్టడంతో ఆయన ఆగిపోయారు. అయినా 1981 ఫిబ్రవరికి మొత్తం 2.4 కోట్ల డాలర్లు దాటింది. కాబట్టి మీ పేజీని చివరి అడుగుతోనే మూసేయకండి, కనీసం ఆరు వారాలు తెరిచి ఉంచి, వసూలైన మొత్తం, సంస్థ ఇచ్చిన రసీదు రెండూ అక్కడే పెట్టండి.