వంతెన సంగతి తర్వాత, ముందు నీళ్లు చూడు

చిన్నీ,

నువ్వు పంపిన స్కెచ్ చూశాను. వచ్చే వారం ఫ్రాన్స్‌లోని జివెర్నీ ఊళ్లో, చిత్రకారుడు మోనే తోటకి వెళ్తున్నావట, మీ అమ్మ చెప్పింది. వెళ్లేలోపు మావయ్య చాదస్తం కాస్త భరించు.

నీ వంతెన ఎర్రగా ఉంది. జపాన్ అనగానే అందరికీ ఎర్ర వంతెనే తోస్తుంది. మోనే తన కలువల చెరువు మీద జపాన్ పద్ధతిలో కట్టించుకున్నది మాత్రం ఆకుపచ్చది. ఇక నీ ఆకులు నీళ్లలోంచి మెడలెత్తి నిలబడ్డాయి. అవి తామరాకులమ్మా! ఆయన పెంచినవి కలువలు. కలువాకు నీటి మీదే పరుచుకుంటుంది, తొడిమ దాకా ఒక చీలిక ఉంటుంది. మన ఊరి చెరువులో రెండూ చూసిన పిల్లవి, నువ్వే పొరబడితే ఎలా?

ఆ చెరువేమీ ఆయనకి తేరగా రాలేదు. 1893లో రైలు పట్టాల అవతల నేల కొని, ఏటి నీళ్లు మళ్లిస్తానంటే ఊళ్లోవాళ్లు అడ్డుపడ్డారు, పరాయి దేశపు మొక్కలు నీళ్లు పాడు చేస్తాయని. అధికారులకు ఉత్తరాలు రాసి ఒప్పించుకున్నాడు. తీరా అంతా కుదిరాక వంతెనని వరసపెట్టి వేసింది 1899లో, మొక్కలు ఒత్తుగా ఎదిగాక. కాబట్టి నువ్వు వెళ్లిన పది నిమిషాలకే రంగుల డబ్బా తెరవకు. వంతెన మీద ఎలాగూ ఫోటోల జనమే ఉంటారు. ఎదుటి గట్టున కూచో.

ఆయన జపాన్ ముఖం చూడలేదు. ఇంటి గోడల నిండా జపాన్ చెక్క అచ్చు బొమ్మలు తగిలించుకుని, వాటినే చూసేవాడు. జపాన్ చిత్రకారుడు హిరోషిగె 1856లో వేసిన కమెయిదో గుడి వంతెన, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న మోనే 1899 నాటి వంతెన, రెండూ ఫోన్‌లో పక్కపక్కన పెట్టి చూడు. మోనే దాంట్లో వంతెన రెండు కొసలూ చట్రం దగ్గరే తెగిపోతాయి, గట్టుకి ఎక్కడ ఆనిందో కనపడదు. పైన ఆకాశం లేదు, ఉన్న వెలుగంతా నీళ్లలోనే. పెద్దది చేసి చూస్తే కలువాకులకి కుంచె అడ్డంగా నడిచింది, చెట్ల నీడలకి నిలువుగా. నీళ్లు బల్లపరుపుగానూ లోతుగానూ అనిపించే కిటుకు అదే. ముందు ఈ అడ్డాలూ నిలువులూ పట్టుకో. వంతెన ఆఖర్న నాలుగు గీతలతో వచ్చేస్తుంది.

నేను చదువుకునే రోజుల్లో దీన్ని తిరగేసి చేశాను. నల్ల గీతతో వంతెన ముద్దుగా గీసుకుని, మిగతా చోట రంగు నింపాను. మా మాస్టారు చూసి, "కింద తేదీలు అచ్చేయించు, క్యాలెండర్ అవుతుంది" అన్నారు. నలభై ఏళ్లయినా ఆ మాట చేసిన గాయం మానలేదు.

ట్యూబులోని పచ్చ నేరుగా పూయకు, ప్లాస్టిక్‌లా ఉంటుంది. కాస్త పసుపో, చిటికెడు ఎరుపో కలుపు. చోటు మార్చకుండా పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, తోట మూసేముందు ఒకటి, అరచేతంత కాగితాల మీద వెయ్యి.

పారిస్ తిరిగొచ్చాక మర్మొత్తాన్ మ్యూజియంకి వెళ్లు. కళ్లలో శుక్లాలు ముదిరిన రోజుల్లో మోనే వేసిన వంతెనలున్నాయి అక్కడ, ఎరుపూ గోధుమా మంటల్లా. 1923లో గానీ ఆపరేషన్ చేయించుకోలేదు. పోయినేడు నా కంటికి ఆపరేషన్ అయ్యాకే తెలిసింది, మా హాలు గోడ పసుపు కాదు, తెలుపని. ఆయన ఎరుపు వేరు, నీ ఎరుపు వేరు, నన్ను దబాయించకు.

ఆ మూడు కాగితాలూ దిద్దకుండా ఫోటో తీసి పంపు.

మీ మావయ్య