మూడు గంటల్లో తేలిపోయే పోకర్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఇంజినీరింగ్‌లో కలిసి చదివిన తొమ్మిది మందిమి దీపావళి ముందు ఆదివారం మా ఫ్లాట్‌లో కలుస్తున్నాం. పోయినసారి పోకర్ ఆడదామని కూర్చుంటే రాత్రి ఒంటిగంటైనా తేలలేదు. పైగా ఇరవై నిమిషాలకే ఔటైపోయిన స్నేహితురాలు మిగతా టైమంతా సోఫాలో ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. నాకది ఇప్పటికీ బాధగానే ఉంది. మాలో నలుగురికే పోకర్ బాగా వచ్చు, మిగతావాళ్లకు రమ్మీ, మూడు ముక్కలాట తెలుసు. ఆరింటికి మొదలుపెడితే తొమ్మిదికల్లా భోజనాలకు లేవాలి. మనిషికి రెండు వందలు వేసుకుందామని ఇద్దరు పట్టుబడుతున్నారు. ఎలా ప్లాన్ చేయాలి?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ రెండు వందల సంగతి తేల్చేద్దాం. వద్దండి. తెలంగాణలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించారు, నైపుణ్యం ఉన్న ఆటలకు అంతకుముందు ఉన్న మినహాయింపు దాంతో పోయింది. రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆటేనని 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు అంది కదా అని మీవాళ్లు వాదించవచ్చు, ఆ తీర్పు ఈ సవరణకు ముందుది, పైగా మూడు ముక్కలాట లాంటివి పూర్తిగా అదృష్టం మీద నడిచేవని అందులోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ కూడా 2020లో చట్టం మార్చింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనైతే 2025లో కేంద్రమే నిషేధించింది. మా ఇంట్లో మేమే ఆడుకుంటున్నాం, చిన్న మొత్తమే అనుకుని ధైర్యం చేయకండి. చట్టం సంగతి అలా ఉంచినా, తొమ్మిది మందిలో ఎవరి చేతిలో డబ్బు ఎలా ఆడుతోందో మనకు తెలియదు, వద్దని నలుగురిలో చెప్పలేక వేసేవాళ్లు ఉంటారు. గెలిచినవాళ్లకు ఇంటివాళ్లుగా మీరే ఒక పూతరేకుల డబ్బా ఇవ్వండి, చందా వేయకండి.

ఇక టైమ్. పోయినసారి మీ ఆట ఎందుకు తేలలేదో నేను ఊహించగలను: చివరిదాకా బ్లైండ్లు పెంచి ఉండరు. బ్లైండ్ అంటే ప్రతి ఆటలో ఇద్దరు ముక్కలు చూడకముందే తప్పనిసరిగా పెట్టే పందెం, ఒకరిది చిన్నది, ఇంకొకరిది దానికి రెట్టింపు. అది పెరగకపోతే మంచి ముక్కలు వచ్చేదాకా ఎవరైనా ఎంతసేపైనా కూర్చోవచ్చు, అలా కూర్చుంటారు కూడా. ఇళ్లలో ఆడే ఆటకు బాగా పనికొచ్చే లెక్క ఒకటుంది. టేబుల్ మీద ఉన్న మొత్తం చిప్స్‌లో (పందెం కాయడానికి వాడే బిళ్లలు) పెద్ద బ్లైండ్ ఇరవయ్యో వంతుకు చేరేసరికి ఆట ముగింపుకొస్తుంది. కాబట్టి ఎప్పుడు లేవాలో ముందు రాసుకుని అక్కణ్నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి.

మనిషికి 3,000 పాయింట్ల చిప్స్ ఇవ్వండి. తొమ్మిది మందికి 27,000, అందులో ఇరవయ్యో వంతు 1,350. అంటే ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య పెద్ద బ్లైండ్ 1,200 దగ్గర ఉండాలి. ఆరింటికి 25–50తో మొదలుపెట్టి పదిహేను నిమిషాలకోసారి 50–100, 75–150, 100–200, 150–300 చేయండి. ఏడుంపావుకి పది నిమిషాలు టీ, మిర్చి బజ్జీ. (బజ్జీ తిన్న చేతులు కడుక్కునే మళ్లీ ముక్కలు పట్టుకోవాలి, ఒక్కసారి నూనె అంటితే ఆ ముక్క వెనకనుంచి కూడా గుర్తుపట్టేయవచ్చు.) ఏడూ ఇరవై అయిదుకు 200–400, ఆ తర్వాత 300–600, 400–800, 600–1,200, చివరగా 1,000–2,000. ఎనిమిదీ నలభైకల్లా తేలిపోవాలి. ఇంకా ఇద్దరు మిగిలితే మరో మూడు ఆటలని ముందే చెప్పి ఆడించి, చిప్స్ ఎక్కువున్నవాళ్లు గెలిచినట్టు. ఫోన్‌లో టైమర్ పెట్టి అందరికీ కనిపించేలా ఉంచండి, ఒకరి చేతి గడియారం మీద నడిస్తే గొడవలొస్తాయి.

చిప్స్ పంపకం: మనిషికి 25వి ఎనిమిది, 100వి ఎనిమిది, 500వి నాలుగు, లెక్క సరిగ్గా మూడు వేలు. అంటే మొదటి రెండు రకాలూ 72 చొప్పున కావాలి, మూడోది 36. కొన్న సెట్టులో ఒక్కో రంగు యాభయ్యే ఉండొచ్చు, ముందురోజే లెక్కపెట్టుకోండి. తక్కువైతే 25కి చింతపిక్కలు, 100కి గుండీలు, 500కి పూజా సామాన్ల షాపులో దొరికే గవ్వలు వాడుకోవచ్చు. అందంగా ఉన్నాయని గురివింద గింజలు మాత్రం తేకండి, ఎవరి పిల్లలైనా నోట్లో పెట్టుకుంటే అది విషం. టీ టైములో 25లు తీసేయండి, ఆ తర్వాత వాటితో పని ఉండదు. నాలుగు 25లకు ఒక 100, మిగిలినవాటికి కూడా పూర్తి 100 ఇచ్చేస్తే ఎవరికీ నష్టం లేదు.

మీరు రాసిన వాటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీ స్నేహితురాలి సంగతి. ఇంట్లో పెట్టుకునే టోర్నమెంట్ బాగా జరిగిందా లేదా అన్నది మొదట ఔటైన మనిషిని అడగాలి. అందుకని టీ బ్రేక్‌లోపు ఓడినవాళ్లకు ఒక్కసారి మళ్లీ 3,000 ఇచ్చి కూర్చోబెట్టండి. ఇద్దరు అలా తిరిగొచ్చినా మొత్తం 33,000, ఇరవయ్యో వంతు 1,650, అది కూడా మన చివరి లెవల్లోనే ముగుస్తుంది, భోజనం ఆలస్యం కాదు. బ్రేక్ తర్వాత ఓడినవాళ్లకు ముక్కలు పంచే పని ఇవ్వండి. ఊరికే కాలక్షేపానికి చెప్పడం లేదు, ఆడనివాళ్లు పంచితే ఆట నిజంగానే వేగం పుంజుకుంటుంది, పంచేవాళ్లు అందరి మధ్యా ఉంటారు, ఎవరు ఏం చేస్తున్నారో చూస్తూ ఆట నేర్చుకుంటారు. ముగ్గురు నలుగురు ఔటయ్యాక పక్కన ఇంకో చాప వేసి పాయింట్ల రమ్మీ మొదలుపెట్టించండి, అప్పుడు రెండు చోట్లా నవ్వులు వినిపిస్తాయి.

కొత్తవాళ్ల కోసం అయిదున్నరకే అందరినీ రమ్మని నాలుగు ఆటలు ముక్కలన్నీ తెరిచి ఆడించండి. రెండు పేకలు ఉంచుకోండి, ఒకటి పంచుతుంటే రెండోది ఎవరో ఒకరు కలుపుతుండాలి. జోకర్లు తీసేయడం మరిచిపోవద్దు.

ప్రశ్న: సంక్రాంతికి మా ఇంట్లో పోకర్ ఆడాం. మా బావగారికి సీక్వెన్స్ వచ్చింది, మా తమ్ముడికి అయిదూ ఇస్పేట్లు. సీక్వెన్సే పెద్దదని బావగారు, కాదని తమ్ముడు. ఆట అక్కడే ఆగిపోయింది, రెండు రోజులు మాటల్లేవు. ఎవరు కరెక్ట్?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పోకర్లో మీ తమ్ముడు కరెక్ట్. కానీ బావగారు తెలియక అన్నమాట కాదది, ఆయన మూడు ముక్కలాట ప్రకారం చెప్పారు. అక్కడ సీక్వెన్స్ కలర్‌ని (అన్నీ ఒకే గుర్తు ముక్కలు) కొడుతుంది, పోకర్లో కలరే సీక్వెన్స్‌ని కొడుతుంది. ఈ రెండింట్లో ఏది అరుదుగా వస్తే అది పెద్దది, అంతే. మూడు ముక్కలు 22,100 రకాలుగా రావచ్చు, వాటిలో కలర్లు 1,096 అయితే మామూలు సీక్వెన్స్‌లు 720 మాత్రమే. అయిదు ముక్కల్లో లెక్క తిరగబడుతుంది, సీక్వెన్స్‌లు 10,200 వస్తే కలర్లు 5,108. ఈ అంకెలు బావగారికి చూపించండి, ఆయన మాటకు ఆధారం ఉందని తెలిస్తే తేలిగ్గా ఒప్పుకుంటారు.

మూడు ముక్కలాట నుంచి వచ్చేవాళ్లు తడబడే చోట్లు ఇంకో రెండున్నాయి. అక్కడ ట్రయల్ (మూడూ ఒకే అంకె లేదా బొమ్మ) అన్నిటికంటే పెద్దది, పోకర్లో మూడు ఒకే రకం ముక్కలు సీక్వెన్స్ కంటే కిందే. ఇంకోటి, బ్లైండ్ ఆడటం అంటే మనకు ముక్కలు చూడకుండా పందెం కాయడం, అది మనిష్టం, పోకర్లో బ్లైండ్ వంతు వచ్చినవాళ్లు పెట్టి తీరాల్సిందే, ఆ తర్వాత ముక్కలు చూసుకోవచ్చు. చేతుల వరస పెద్దదాన్నుంచి చిన్నదాని దాకా పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి టేబుల్ మధ్య పెట్టండి: ఒకే రంగు సీక్వెన్స్, నాలుగు ఒకే రకం, మూడు‌-రెండు కలిసిన ఫుల్ హౌస్, కలర్, సీక్వెన్స్, మూడు ఒకే రకం, రెండు జతలు, ఒక జత, చివరికి ఏమీ లేకపోతే పెద్ద ముక్క.

ప్రశ్న: మేం పదహారు మందిమి, రెండు టేబుళ్లు. ఇక్కడ ఇంట్లో ఆడుకోవచ్చంటున్నారు. ఒక టేబుల్ ఖాళీ అయిపోతుంటే ఏం చేయాలి? ఒకరు ఆల్ ఇన్ అంటే మిగతావాళ్ల చిప్స్ లెక్క ఎలా?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: టెక్సస్ చట్టం ప్రైవేటు స్థలంలో స్నేహితులు ఆడుకునే ఆటకు కొంత వెసులుబాటు ఇస్తుంది, కానీ ఆటలో గెలుచుకున్నది తప్ప ఎవరికీ ఇంకే ఆర్థిక లాభం ఉండకూడదు, గెలిచే అవకాశం అందరికీ సమానంగా ఉండాలి. ఇల్లు ఇచ్చినందుకని ఆ డబ్బులోంచి తీసుకుంటే ఆ వెసులుబాటు పోతుంది. నన్నడిగితే అక్కడ కూడా డబ్బు లేకుండానే ఆడమంటాను.

రెండు టేబుళ్లకూ ఒకే టైమర్ ఉండాలి. ఒక టేబుల్లో రెండో దానికంటే ఇద్దరు ఎక్కువైతే, ఎక్కువున్న చోట తర్వాతి పెద్ద బ్లైండ్ ఎవరిదో వాళ్లను అటు పంపండి. తొమ్మిది మంది మిగలగానే ఒకే టేబుల్, సీట్లు చీటీలు తీసి. ఆల్ ఇన్ విషయానికొస్తే, ఒకరి దగ్గర 500 ఉండి అదంతా పెట్టేశారు, ఇంకో ఇద్దరు 1,500 చొప్పున పెట్టారనుకోండి. ముగ్గురి 500లూ కలిపి 1,500 ఒక కుప్ప, దానికి ముగ్గురూ పోటీ. మిగిలిన 2,000 పక్కన వేరే కుప్ప, అది ఆ ఇద్దరి మధ్యే. కుప్పలు అప్పటికప్పుడే విడదీయండి, ఆఖర్న లెక్కేస్తే తప్పులొస్తాయి. చివరికి ఇద్దరే మిగిలినప్పుడు చిన్న బ్లైండ్ ముక్కలు పంచే వంతు (డీలర్) ఎవరిదో వాళ్లే పెట్టాలి, టేబుల్ మధ్య అందరికీ ఉమ్మడిగా పెట్టే ముక్కలు తెరవకముందు వాళ్లే మొదట ఆడాలి, తెరిచిన తర్వాత ఆఖర్న ఆడతారు.